తాతగారి మార్టినీ హెన్రీ తుపాకీకి ఇంట్లోనే కొత్త బ్యారెల్ వేయొచ్చా?

బ్యారెల్ లోపల తుప్పు తిని గుంటలు పడ్డాయి, షెడ్డులో లేత్ ఉంది, నేనే కొత్తది చేసి బిగించుకోవచ్చా అని అడిగారు. వద్దండి. లేత్ మీద మీకెంత చెయ్యి తిరిగినా సరే. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తుపాకీ తయారీకి, మార్పుకి, రిపేరుకి విడిగా లైసెన్సు కావాలి. తుపాకీ ఉంచుకునే లైసెన్సు దానికి చాలదు.

ముందు కాగితాలు చూసుకోండి. తిరుపతిలో మా పెద్దనాన్న పోయాక ఆయన మార్టినీని స్టేషన్లో డిపాజిట్ చేసి, వారసుల తరఫున లైసెన్సుకి దరఖాస్తు పెట్టాం. 2022లో తిరుపతి జిల్లా వేరుపడింది కదా, పాత ఫైలు చిత్తూరు కలెక్టరేట్‌లో ఉండిపోయింది. పాత లైసెన్సు పుస్తకం జిరాక్స్ దగ్గర పెట్టుకోండి, చాలా తిరుగుడు తప్పుతుంది.

అసలు ఆ బ్యారెల్‌ని ఎందుకు తీసేయాలి? 1871లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న ఈ తుపాకీకి మెకానిజం స్విట్జర్లాండ్ ఇంజనీరు మార్టినీది, బ్యారెల్ లోపల తూటాని తిప్పే ఏడు గాడుల పద్ధతి ఎడిన్‌బరోకి చెందిన అలెగ్జాండర్ హెన్రీది. పేరులో సగం ఆ బ్యారెల్‌దే! తర్వాత సైన్యమే కొన్నిటికి .303 అంగుళాల సన్నటి తూటా పట్టే బ్యారెల్ వేయించి మార్టినీ ఎన్‌ఫీల్డ్ అని పేరు మార్చింది. మీది ఇంకా పాత బ్యారెల్‌తోనే ఉందంటే అదృష్టమే. కాల్చాలన్న ఆలోచన మాత్రం పూర్తిగా మానేయండి, గుంటలు పడ్డ బ్యారెల్‌ని నమ్మకూడదు.

లైసెన్సు చేతికొచ్చాక తుడిచి కాపాడుకునే పని మీరే చేసుకోవచ్చు. ముందు ఖాళీగా ఉందో లేదో లీవరు దించి కళ్లతో చూడండి. ఎమరీ పేపర్ దగ్గరికి రానివ్వొద్దు. పల్చటి నూనె పట్టించి రాత్రంతా వదిలేసి, మెత్తటి ఇత్తడి పీచుతో నిదానంగా రుద్దండి. మా దానికి అలా రుద్దుతుంటే కుడివైపు నల్లటి పొర కింద నుంచి ముందు కిరీటం, దాని కింద వి.ఆర్. (విక్టోరియా రాణి గుర్తు), ఆ తర్వాత ఎన్‌ఫీల్డ్ (తయారైన ఫ్యాక్టరీ పేరు) అన్న అక్షరాలు తేలాయి. గట్టిగా గీకి ఉంటే అవన్నీ పోయేవి. ఆ ముద్రలే దాని చరిత్ర. చెక్కకి పాలిష్ కొట్టొద్దు, అవిసె నూనె చాలా పల్చగా రాసి పొడి గుడ్డతో తుడిచేయండి.

లోపలి స్ప్రింగు పనులు రిపేరు లైసెన్సున్న డీలరుకే ఇవ్వండి, రసీదు తీసుకోండి. నవంబరు వానల్లో మన దగ్గర చెమ్మ ఎక్కువ కాబట్టి గుడ్డలో చుట్టి పెట్టకండి. తాళం వేసిన బీరువాలో గాలి తగిలేలా ఉంచి, నెలకోసారి నూనె గుడ్డతో తుడవండి.