బండి – బాగోగులు: పాత మిలటరీ లారీలో నీళ్లు ఎటు పోతున్నాయి?

ప్రశ్న: మా నాన్నగారు మిలటరీ వేలంలో కొన్న శక్తిమాన్ లారీని తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్లకు నీళ్లు తోలే ట్యాంకరుగా వాడుకుంటున్నాము. కొంతకాలంగా రోజూ సాయంత్రానికి రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతున్నాయి, కానీ బండి కింద ఒక్క చుక్క కూడా కనబడదు. ఒక మెకానిక్ ఇంజన్ పైభాగమైన హెడ్ విప్పాలంటున్నారు. మరొకరు పిడికెడు పసుపు వేస్తే ఆగిపోతుందంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకుడు, తాడిపత్రి, అనంతపురం జిల్లా

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినకండి. కారుతున్న చోటు తెలియకుండా హెడ్ విప్పడం ఎంత తొందరపాటో, పసుపు వేయడమూ అంతే తొందరపాటు.

శక్తిమాన్ జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో తయారైన బండి. 1959లో అక్కడి గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో మొదలైన ఆ తయారీ, 1969లో ఏర్పడిన వెహికల్ ఫ్యాక్టరీకి తర్వాత మారింది. సైన్యం స్టాలియన్ లారీలకు మారి చాలా కాలమైంది కనుక మీ బండి ఎంత లేదన్నా పాతికేళ్లు దాటినదే అయి ఉంటుంది. ఆ వయసు ఇంజన్‌లో రెండు మూడు చోట్ల ఒకేసారి కారడం మామూలే. ఒకచోట బాగుచేయగానే లోపల ఒత్తిడి నిలిచి, అంతవరకు చెమ్మగా మాత్రమే ఉన్న మరోచోటు బయటపడుతుంది.

కింద చుక్క కనబడనంత మాత్రాన నీళ్లు లోపలికే పోతున్నాయని అనుకోనక్కర్లేదు. వేడి బ్లాకు మీద పడ్డ నీరు నేలకు చేరకముందే ఆవిరైపోతుంది. అయితే మీరు పోసేది బోరు నీళ్లే అయితే, ఆవిరైన ప్రతిచోటా తెల్లటి సున్నపు చార మిగులుతుంది. ఉదయం ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు టార్చిలైటుతో ఆ చారలను వెతకండి: హోస్ పైపుల చివర్లు, వాటర్ పంపు షాఫ్టు కింద ఉండే చిన్న రంధ్రం, రేడియేటర్ తొట్టెల అతుకులు, బ్లాకు పక్కన గుండ్రటి రేకు మూతల్లా కనిపించే కోర్ ప్లగ్గులు. గేర్‌బాక్సు వైపు ఇంజన్ వెనక కోర్ ప్లగ్గు ఉంటే దాన్ని ఎవరూ చూడరు, తరచూ దొంగ అదే. తర్వాత రేడియేటర్ నింపి, మూత స్థానంలో చేతి పంపు గేజిని బిగించి, మూత మీద ముద్రించిన ఒత్తిడి వరకు మాత్రమే గాలి కొట్టి, పావుగంట వేచి చూడండి. రబ్బరు గట్టిపడిన హోస్ పైపులు చల్లగా ఉన్నప్పుడు కారి, వేడెక్కి వ్యాకోచించాక ఆగిపోతాయి కనుక ఈ పరీక్ష చల్లటి ఇంజన్ మీదే చేయాలి.

గేజి ముల్లు పడిపోతున్నా బయట ఎక్కడా తడి లేకపోతే అప్పుడు లోపలిని అనుమానించాలి. రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, పొద్దున్నే ఆయిల్ చాంబర్ డ్రైన్ బోల్టును కొద్దిగా వదులు చేయండి. నీరు ఆయిల్ కంటే బరువు కనుక లోపల ఉంటే మొదట అదే వస్తుంది. అలా వస్తే ఇక బండిని స్టార్ట్ చేయవద్దు, బేరింగులు పోతాయి. వెట్ లైనర్లు (చుట్టూ నేరుగా నీరు తిరిగే సిలిండర్ గొట్టాలు) ఉన్న ఇంజన్లలో లైనర్ కింది రబ్బరు రింగులు పాడైతే నీరు ఇలాగే చాంబర్‌లోకి దిగుతుంది. ఆయిల్ శుభ్రంగా ఉంటే ఫ్యాన్ బెల్టు తీసి, రేడియేటర్ మూత తెరిచి, చల్లటి ఇంజన్‌ను ఒక్క నిమిషం నడిపి చూడండి. నీటిలో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ ప్యాకింగ్ పోయిందనో, హెడ్ చీలిందనో అర్థం. అప్పుడు మీ మొదటి మెకానిక్ మాట నిజమవుతుంది. రాత్రి నిలిపిన బండి పొద్దున సెల్ఫ్ కొట్టినప్పుడు టక్కున ఆగిపోతే మళ్లీ కొట్టవద్దు. పిస్టన్ మీద నీరు చేరి ఉండవచ్చు, నీరు గాలిలా కుదించుకోదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. డీజిల్ చిమ్మే నాజిల్స్ విప్పి, ఇంజన్‌ను చేత్తో తిప్పి చూడాలి.

మరమ్మతులలో హోస్ పైపులది చిన్న పనే కానీ, కొత్త పైపు ఎక్కించే ముందు లోహపు గొట్టం మీద గట్టిపడిన సున్నాన్ని గీకకపోతే ఎంత బిగించినా కారుతుంది. కోర్ ప్లగ్గు లోపలి నుంచి తుప్పు పట్టి చిల్లు పడుతుంది కనుక, ఒకటి పోయిందంటే మిగిలినవీ అదే దారిలో ఉంటాయి. అన్నింటినీ కలిపి, వీలైతే ఇత్తడివి వేయించండి. హెడ్ విప్పక తప్పకపోతే కేవలం ప్యాకింగ్ మార్చి మూసేయనివ్వకండి. లేత్ షాపులో హెడ్ సమతలంగా ఉందో లేదో చూపించి, చీలిక పరీక్ష చేయించి, బోల్టులను నడిమి నుంచి అంచులకు విడతలుగా టార్క్ రెంచితోనే బిగించమనండి.

ఇక పసుపు. పాత డ్రైవర్లు దాన్ని ఊరికే వాడలేదు. నీటిలో తిరిగే పొడి చిన్న చిల్లులో చిక్కుకుని దాన్ని మూస్తుంది, నడిరోడ్డు మీద ఆగిపోయిన బండిని ఇంటికి చేరుస్తుంది. కానీ అది చిల్లుకూ రేడియేటర్ సన్నటి గొట్టానికీ తేడా ఎరగదు. వేసినట్లయితే ఇల్లు చేరగానే కడిగించండి.

అసలు శత్రువు బోరు నీరే. మన జిల్లాల్లో చాలాచోట్ల ఆ నీరు కఠినం. వేన్నీళ్ల కాగు లోపల పట్టే తెల్లటి పొరే బ్లాకు గోడలకూ పట్టి, వేడిని నీటికి అందనివ్వదు. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీటితో ఆ పొరను కరిగించి, కొద్దిగా వంటసోడా కలిపిన నీటితో ఒకసారి, మంచి నీటితో రెండు మూడుసార్లు కడగాలి. బ్లాకు డ్రైన్ కాక్ తెరిచినా నీరు రాకపోతే తీగతో పొడవండి. ఇన్నేళ్ల బురద అక్కడే పేరుకుని ఉంటుంది. ఈ కడుగుడు రేడియేటర్‌కు టంకం వేయించక ముందే జరగాలి. సున్నం మూసి ఉంచిన చిల్లులు అది కరిగాకే బయటపడతాయి కనుక, తర్వాత కడిగితే రేడియేటర్ షాపుకు రెండోసారి వెళ్లాల్సి వస్తుంది. ఆ పైన ఆర్‌వో నీటిలో మూడో వంతు కూలెంట్ కలిపి పోయండి. ఆర్‌వో నీరు ఒక్కటే పోస్తే సున్నం పట్టదు కానీ తుప్పు ఆగదు. రాగికి, ఇత్తడికి, టంకానికి సరిపడుతుందని డబ్బా మీద రాసి ఉన్న కూలెంట్‌నే ఎంచుకోండి.

ప్రశ్న: నా పాత డిస్పోజల్ (మిలటరీ వేలంలో కొన్న) లారీ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు రేడియేటర్ పక్క గొట్టం నుంచి నీళ్లు చిమ్ముతోంది. ఎక్కువ ఒత్తిడి తట్టుకునే మూత వేసి, థర్మోస్టాట్ తీసేయమంటున్నారు. చేయవచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: రెండూ వద్దు. మూత ఒత్తిడి చదరపు అంగుళానికి ఒక పౌండు పెరిగితే నీరు మరిగే వేడి సుమారు ఒకటిన్నర డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. ఏడు పౌండ్ల మూత కింద మామూలు నీరు దాదాపు 111 డిగ్రీల వరకు మరగదు. అంతకంటే పెద్ద మూత వేస్తే మరగడం ఇంకాస్త వాయిదా పడుతుందే తప్ప ఇంజన్ చల్లబడదు, తక్కువ ఒత్తిడికి చేసిన పాత రేడియేటర్ అతుకులు మాత్రం విడిపోతాయి. థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు వెళ్లనివ్వని వాల్వు. దాన్ని తీసేస్తే మైదానంలో ఇంజన్ తగినంత వేడెక్కక అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో నీరు రేడియేటర్‌ను తప్పించుకుని అడ్డదారిన తిరిగి వేడి మరింత పెరుగుతుంది కూడా. థర్మోస్టాట్‌ను మరుగుతున్న నీటిలో వేసి తెరుచుకుంటుందో లేదో చూసి, తెరుచుకోకపోతే కొత్తది వేయండి.

ముందుగా ఫ్యాన్ బెల్టు బిగువును, రేడియేటర్ రెక్కల మధ్య చేరిన దుమ్మును, మూత రబ్బరును చూడండి. బండి చల్లబడ్డాక పై హోస్ పైపు చప్పిడిగా నొక్కుకుపోతుంటే మూతలోని గాలి వాల్వు పనిచేయడం లేదని గుర్తు. రేడియేటర్‌ను అంచు దాకా నింపే అలవాటుంటే మానండి, వ్యాకోచించిన నీటికి చోటు లేకే కొంత బయటికి వస్తుంది. ఘాట్‌లో వేడి ముల్లు ఎక్కితే బండిని పక్కన ఆపి ఇంజన్‌ను నెమ్మదిగా నడవనివ్వండి, మూత తెరవకండి. కాలిన ఇంజన్‌లో చన్నీళ్లు పోయడం వల్ల చీలిన హెడ్లు చాలా ఉన్నాయి.

ప్రశ్న: రేడియేటర్ నుంచి తీసిన పాత కూలెంట్‌ను షెడ్డు పక్క కాలువలో పారబోయవచ్చా?
– ఒక పాఠకుడు, ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: పారబోయకూడదు. కూలెంట్లలో ఎక్కువ వాటిలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కనుక కుక్కలు, పశువులు తాగే ప్రమాదం ఉంది. అది మూత్రపిండాలను దెబ్బతీసి ప్రాణం తీయగలదు, పిల్లలకైనా అంతే. వెడల్పాటి పళ్లెంలోకి దింపి, మూత ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి, వాడిన ఆయిల్ తీసుకెళ్లే వారిని అడిగి, తీసుకుంటామంటే దానిలో కలపకుండా విడిగా ఇవ్వండి. శీతల పానీయాల సీసాల్లో మాత్రం పోసి ఉంచకండి.