తినే కందులు ముందు తీసి పెట్టు బిడ్డా

బిడ్డా,

కంది కోత అయిపోయిందని, బస్తాలు ఇంటికి చేరాయని ఫోన్లో చెప్పావు. సంతోషం. కానీ మీ ఆయన ఈ వారంలోనే అన్నీ అమ్మేద్దామంటున్నాడని విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది.

మన తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు మన ప్రాంతం పంటకే చెందుతుందని. అది పండించే ఇళ్లలోనే ఎండాకాలం వచ్చేసరికి కొట్లో పప్పు కొనుక్కుంటున్నారు. పుచ్చిపోతాయన్న భయంతో కోతలప్పుడు ఎంత ధర వస్తే అంతకు అమ్మేస్తారు కాబట్టి.

ఆ భయం ఉత్తది కాదు. నాకు పెళ్లైన రెండో ఏడు రెండు బస్తాలు మూలన వేసి మరిచిపోయాం. ఉగాదికి విప్పితే అన్నీ చిల్లులు, పిండి. ఆ ఎండాకాలం పప్పు పిల్లలకు, మగవాళ్లకు సరిపోయేది. మా అత్తకూ నాకూ పైన తేలిన కట్టు మిగిలేది. అప్పుడు నా కడుపులో మీ అన్న ఉన్నాడు.

ఆ పురుగు గదిలో పుట్టింది అనుకునేదాన్ని. కాదు. చేలో కాయ మీదే గుడ్డు పెడుతుంది, గింజతో పాటు ఇంటికి వస్తుంది. నెల తిరిగేసరికి గింజలో పెరిగిన పురుగు బయటపడి మళ్లీ గుడ్లు పెడుతుంది. గింజ మీద తెల్లటి చుక్కలు కనబడితే అవే. అందుకే అసలు పని ఎండలోనే ఉంది. నల్ల పట్టా మీద పలచగా పోసి, పైన లోపలిది కనబడే పాలిథిన్ కప్పి, అంచులకు రాళ్లు పెట్టు. మంచి ఎండలో లోపల గుడ్లు కూడా మాడిపోతాయి. కానీ అలా కప్పితే తేమ బయటికి పోదు. కాబట్టి ముందు రెండు మూడు రోజులు విప్పి ఎండబెట్టు. పంటి కింద గింజ టప్పున పగలాలి. వేడి మీద మాత్రం మూట కట్టకు, లోపల చెమట పడుతుంది. పూర్తిగా చల్లారనివ్వు.

మీరు ఐదుగురు. రోజుకు పావుకిలో పప్పు అనుకున్నా ఏడాదికి తొంభై కిలోలు, అంటే కందులు క్వింటాలున్నర దాకా. అది తీసి పెట్టాకే అమ్మకం మాట. అందులో సగం ఇప్పుడే పప్పు చేయించు, విరిచిన పప్పు జోలికి ఈ పురుగు అంతగా రాదు. మిగతా సగం మూడు పొరల సంచిలో గాలి పోకుండా బిగించి, చెక్కల మీద, గోడకు ఎడంగా పెట్టు. ఎలుక కొరికితే ఆ సంచి దండగ. వేపాకు వేసుకో, కానీ దాన్నే నమ్ముకోకు.

పురుగు చావడానికి బస్తాల్లో వేసే మందు గోలీలు మాత్రం ఇంట్లో పెట్టనివ్వకు. వాటి నుంచి వచ్చే విషవాయువు పక్క గదిలో పడుకున్న మనుషుల ప్రాణం తీస్తుంది. ఈ ఒక్కదానికి మీ ఆయనతో గొడవైనా పరవాలేదు.

ఆదివారం వస్తాను. పప్పు విసిరే ముందు కందులకు పట్టించే ఎర్రమట్టి నేను జల్లించి తెస్తాను, నువ్వు విసుర్రాయి కడిగి ఆరబెట్టు.

మీ పెద్దమ్మ