ఉత్తరం కిటికీని నమ్మకు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, బసవనగుడిలో ఆ పాత బంగళా నీ చేతికి వచ్చిందనీ, అందులో బట్టల మ్యూజియం పెడుతున్నావనీ, సంక్రాంతికల్లా తెరుస్తావనీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. సంతోషంతో నిద్ర పట్టలేదు. రెండింటికి లేచి మంచినీళ్ళు తాగుతుంటే అర్థమైంది, అది ఒట్టి సంతోషం కాదని. నువ్వు పంపిన ఫొటోలో ఉత్తరం వైపు అంతంత కిటికీలు. వాటి పక్క గోడ మీద పెన్సిల్‌తో నీ రాత: "కలంకారీ ఇక్కడ".

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. బట్ట మీద పడే వెలుతురు 50 లక్స్ దాటనివ్వకు. తైలవర్ణ చిత్రాలకైతే 150, 200 దాకా ఫర్వాలేదు. రాయికీ కంచుకీ వెలుతురుతో పేచీ లేదు. మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి రాతి పలకలు చూసుకునేవాళ్ళు ఆ ఒక్క విషయంలో అదృష్టవంతులు. వెలుతురు కొలిచే మీటరు కొనుక్కో, ఫోన్‌లో చూసి సరిపెట్టుకోకు. మామూలు అద్దం అతినీలలోహిత కిరణాలను పూర్తిగా ఆపదు. అలాగని ఆ పాత రంగుటద్దాల మీద ఫిల్ము అంటించావో, జిగురు వదలక ఏడుస్తావు. లోపలివైపు వేరే చట్రంలో ఆ కిరణాలను ఆపే యాక్రిలిక్ షీటు పెట్టించు. మూడు నాలుగు నెలలకోసారి బట్ట మార్చి, దించినదాన్ని చీకట్లో పడుకోబెట్టు. వెలిసిన రంగు విశ్రాంతితో తిరిగి రాదులే, ఇంకా వెలవడం తగ్గుతుందంతే. ఇదంతా కోర్సులో చెప్పే ఉంటారు.

చెప్పనిది ఒకటుంది. నా తప్పు.

అప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు. మద్రాసులో ఇలాంటి పాత భవనంలోనే ఉద్యోగం. మచిలీపట్నం కలంకారీ ఒకటి మా దగ్గరుండేది, నిలువెత్తు చెట్టు, కొమ్మకొమ్మకీ పచ్చటి ఆకులు. దాన్ని ప్రదర్శనకి పెట్టే పని నాకిచ్చారు. నేను చదివిన పుస్తకాలన్నీ ఇంగ్లండులో అచ్చయినవి. ఉత్తరపు వెలుతురు నిలకడైనది, దాన్ని నమ్మవచ్చని వాటిలో ఉండేది. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణానే ఉంటాడు మరి. నేను డిసెంబరులో ఉత్తరం గదికి వెళ్ళి, వెడల్పాటి కిటికీ తలుపులు ఓరగా వేయించి, మీటరు పెట్టాను. 50 లోపే. పొంగిపోయి తూర్పు గోడకి వేలాడదీశాను. ఫైలు మీద సంతకం పెట్టి వేరే పనిలో పడిపోయాను.

చెన్నై 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మీ బెంగళూరూ దాదాపు అంతే. ఏప్రిల్ 24 ప్రాంతంలో సూర్యుడు మిట్టమధ్యాహ్నం నడినెత్తికి వస్తాడు. అక్కడినుంచి ఆగస్టు 18 దాకా మధ్యాహ్నం కూడా మనకి ఉత్తరానే. ఇక ఉదయించేదీ అస్తమించేదీ చూస్తే, మార్చి 21 నుంచి సెప్టెంబరు 23 దాకా ఉత్తరం వైపే. అంటే సగం ఏడాది! ఇది మీ అమ్మమ్మకి తెలుసు. జ్యేష్ఠం వస్తే వడియాల చాప పెరట్లో ఉత్తరపు గోడ పక్కకి మారిపోయేది. సైన్సు డిగ్రీ ఉన్న కొడుక్కి తెలియలేదు.

రెండు వేసవులు గడిచాక ఎవరో వచ్చి, "సార్, ఆకులు నీలంగా ఉంటాయా?" అని అడిగారు. వెళ్ళి చూశాను. నాలుగు వేళ్ళ వెడల్పున, ఏటవాలుగా, గుడ్డ మీద ఒక పట్టీ. దాని లోపల ఆకులు నీలం, బయట పచ్చ. ఆ ఆకుపచ్చ ఒక్క రంగు కాదు తల్లీ. నీలిమందు వేసి, దాని మీద పసుపు రంగు పూస్తారు. నీలి గట్టిది, చిరువేరు ఎరుపూ తట్టుకుంటుంది, పసుపు నిలవదు. ఆ రోజు సాయంత్రం నాలుగున్నరకి అక్కడే నిలబడ్డాను. తలుపు సందులోంచి ఎండ వచ్చి సరిగ్గా ఆ పట్టీ మీద పడింది.

అంతకంటే సిగ్గు ఏమిటో చెప్పనా? ఆ గది కాపలా చూసే అటెండరు రోజూ ఆ వేళకి తన స్టూలు రెండడుగులు పక్కకి జరుపుకునేవాడు. నేను ఎన్నిసార్లో చూశాను. ఎందుకని అడగలేదు.

భయపడి తర్వాత చేసింది ఇంకో తెలివితక్కువ పని. కిటికీలన్నిటికీ ప్లైవుడ్డు కొట్టించాను. వానాకాలానికి సున్నపు గోడలు చెమ్మపట్టి గదంతా బూజు వాసన. ఆ ఇల్లు కట్టినవాళ్ళు నీకంటే ముందే ఎండ గురించి ఆలోచించారు. కిటికీల మీద ఆ చెక్క జాలీ గొడుగులు, మంకీ టాపులు, ఉన్నాయే, అందానికి పెట్టినవనుకుని తీయించకు. వరండా మూసేసి టికెట్ల గది కట్టకు. జనం ఎర్రటి ఎండలోంచి వస్తారు; ఆ వరండాలో, ఆ నడవలో కాసేపు తిరిగితే కళ్ళు సర్దుకుంటాయి, 50 లక్స్ కూడా చాలనిపిస్తుంది.

సంక్రాంతికి తెరువు, వద్దనను. కానీ ఆ గోడకి కలంకారీ వద్దు. మొదటి ఏడాది అక్కడ ఇత్తడి సామాను పెట్టు. రెండు నెలలకోసారి, పొద్దున్నించి సాయంత్రం దాకా గంటగంటకీ అదే చోట నిలబడి ఫొటో తియ్యి. ఊడ్చే ఆవిడని అడుగు, ఏ వేళకి ఎక్కడ నేల వేడెక్కుతుందని. నవ్వకు, అడుగు. నీ అంత తెలివిగలదాన్ని మా ఇంట్లో ఇంకొకరిని చూడలేదు, అందుకే ఈ గదమాయింపు.

జూన్‌లో నేనే వస్తాను. రెండు సాయంత్రాలు ఆ గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను, నాకు కాఫీ ఇస్తే చాలు. బృందావన్ రైలుకి టికెట్టు నువ్వే తియ్యి. కిటికీ సీటు దొరికితే దక్షిణం వైపు చూడు. జూన్ కదా.

మీ మావయ్య