మనసూ శరీరం వేరువేరా, ఒకటేనా అన్నదాని మీద పదిహేడో శతాబ్దపు యూరప్ తత్వవేత్తల్లో డెకార్ట్ ద్వైతి (రెండూ వేరు), స్పినోజా అద్వైతి (రెండూ ఒకటే) అంటారు కదా, ఎవరి మాట నిలుస్తుంది?

నా ఓటు స్పినోజాకే. మూడేళ్ల కిందట ఆస్పత్రి వార్డులో నాకు ఆ సంగతి తేలిపోయింది.

మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఒక తెల్లవారుజామున పక్షవాతం వచ్చింది. మెదడు ఎడమవైపు రక్తం గడ్డకట్టి, కుడి చెయ్యి పడిపోయింది. రెండో రోజు డాక్టరు వచ్చి, "మాస్టారూ, నూరులోంచి ఏడు తీసేస్తే ఎంత?" అన్నాడు. "తొంభై మూడు" అన్నారు నాన్న. "అందులోంచి ఇంకో ఏడు?" నాన్న పెదాలు కదిలాయి. ఎడమచేతి వేళ్లు దుప్పటి మీద ఒక్కొక్కటే ముడుస్తూ మధ్యలో ఆగారు, మళ్లీ మొదట్నుంచి ముడిచారు. పరీక్షలొస్తే వీధిలో పిల్లలంతా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. అలాంటాయన నా వైపు తిరిగి, "నువ్వు చెప్పరా" అన్నారు. కళ్లనిండా నీళ్లు.

చెయ్యి పడిపోవడానికి డెకార్ట్ దగ్గర జవాబుంది. శరీరం యంత్రం, అది పాడైంది, ఆత్మ చెప్పినా వినదు. మరి తీసివేత ఎలా పోయింది? ఆలోచించడమే ఆత్మ స్వభావం, అది చోటు ఆక్రమించదు అన్నది ఆయనే కదా!

ఈ మాట ఆయన్ని అప్పుడే అడిగిన మనిషి ఉంది. బొహీమియా రాకుమారి ఎలిజబెత్. హేగ్‌లో ప్రవాసంలో ఉంటూ, 1643లో, 24 ఏళ్ల వయసులో ఉత్తరం రాసింది: అలాంటి ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుంది? బరువు రాయిని కిందికి లాగుతుందని అనుకుంటాం చూడండి, అలాగ అన్నాడాయన. ఆమె ఒప్పుకోలేదు. చక్కగా ఆలోచించే ఆత్మ ఒంట్లోని ఆవిర్ల వల్ల ఆ శక్తి ఎలా పోగొట్టుకుంటుందని జూన్ ఉత్తరంలో నిలదీసింది. 1649లో అచ్చయిన పుస్తకంలో ఆయన, మెదడు మధ్యలోని పినియల్ అనే చిన్న గ్రంథి దగ్గర ఆత్మ పనిచేస్తుందన్నాడు. అది ఎక్కడ అన్నదానికి జవాబు, ఎలా అన్నది అలాగే ఉండిపోయింది.

నేను సివిల్స్‌కి ఫిలాసఫీ ఆప్షనల్ చదివినప్పుడు కోచింగ్ నోట్సులో ఆమె పేరే లేదు. ఉన్నదల్లా డెకార్ట్‌ది ద్వైతం, స్పినోజాది అద్వైతం అన్న పట్టికే. అది చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ద్వైతం బోధించిన మధ్వాచార్యులు చెప్పిన పంచభేదాల్లో (ఐదు తేడాల్లో) జీవుడికీ జడానికీ ఉన్న భేదం ఒక్కటి మాత్రమే, అందులో పెద్దపీట దేవుడికీ జీవుడికీ మధ్య తేడాది. అద్వైతం బోధించిన శంకరులకు జగత్తు మిథ్య. స్పినోజాకి జగత్తు పూర్తిగా నిజం. ఉన్న ఒకే ద్రవ్యాన్ని, అంటే మూలవస్తువుని, దేవుడన్నా ప్రకృతన్నా ఆయనకు ఒకటే. మనసు, శరీరం అదే వస్తువు రెండు తీరుల్లో కనిపించడం, అంతే. ఒకటి రెండోదాన్ని తోయడమన్న ప్రశ్నే రాదు. నాన్న మెదడులోని గడ్డా, నోటిదగ్గర ఆగిపోయిన ఎనభై ఆరూ రెండు సంఘటనలని నేనెలా అనుకోను?

ముందు ఎలిజబెత్ రాసిన ఆ రెండు ఉత్తరాలు చదవండి. తర్వాత స్పినోజా చనిపోయిన 1677లోనే అచ్చయిన 'ఎథిక్స్' రెండో భాగం పట్టుకోండి.

మేం ఇంట్లో చేతి వ్యాయామం, తీసివేతలు ఒకే పూట చేయించాం. ఆరు నెలలకి నాన్న ఎనభై ఆరు చెప్పారు. డెబ్భై తొమ్మిది దగ్గర ఇప్పటికీ కాసేపు ఆగుతారు.