పతకం అంచే సాక్ష్యం

ప్రశ్న: పెరంబూరులో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకు పెట్టెలో ఒక వెండి మెడల్, ఒక కంచు నక్షత్రం దొరికాయి. మెడల్‌కి ఒకవైపు విక్టోరియా రాణి, రెండోవైపు స్ఫింక్స్, దాని కింద 1882. అంచు మీద ఎవరో దొర పేరు, పక్కన ‘పీటీఈ. ఆర్.ఎం.ఎల్.ఐ.’ అని ఉన్నాయి. నక్షత్రం మీద పేరు లేదు. తోమించి ఫ్రేము కట్టించవచ్చా? ఆ మనిషెవరో తెలుస్తుందా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: దయచేసి చింతపండు, సబీనా, పళ్లపొడి దగ్గరికి పోనివ్వకండి. రుద్దిన ప్రతిసారీ రాణి చెంప, జుట్టు ముందుగా అరుగుతాయి. ఆ వెనకే అంచు మీది అక్షరాలూ పోతాయి. పేరు పోయిన మెడల్ ఎవరిదో చెప్పలేని వెండి బిళ్ల. కంచు నక్షత్రాన్ని పులుసు నీళ్లలో వేస్తే నూరేళ్లకు పైగా పట్టిన గోధుమరంగు పొర ఊడి ఎర్రగా బయటపడుతుంది. అది మళ్లీ రాదు. మెత్తని పొడి నూలు గుడ్డతో దుమ్ము తుడవండి, చాలు.

మెడల్ 1882లో బ్రిటన్ ఈజిప్టులో చేసిన యుద్ధానిది, అడ్డకొలత 36 మి.మీ. రిబ్బనులో మూడు నీలం, రెండు తెలుపు చారలుంటాయి. నక్షత్రం ఈజిప్టు పాలకుడు ఖెదీవ్ తౌఫీక్ ఇచ్చినది, రిబ్బను ముదురు నీలం. దాన్ని పేర్లు చెక్కకుండానే ఇచ్చారు, కాబట్టి ఖాళీగా ఉందని అనుమానపడకండి.

‘పీటీఈ’ అంటే ప్రైవేట్, మామూలు సిపాయి. ‘ఆర్.ఎం.ఎల్.ఐ.’ అంటే రాయల్ మెరైన్ లైట్ ఇన్‌ఫాంట్రీ: ఓడల్లో ఉంటూ, అవసరమైతే ఒడ్డున దిగి పోరాడే పదాతి దళం. మెరైన్ల ఫిరంగి దళం ‘ఆర్.ఎం.ఎ.’ వేరుగా ఉండేది, 1923లో రెండూ కలిశాయి. అంచు మీద ఓడ పేరుంటే అతను ఆ ఓడలో ఉన్నాడని అర్థం. మెడల్ పైన ‘టెల్ ఎల్ కబీర్’ అనే పట్టీ (యుద్ధం పేరు చెక్కిన సన్నని లోహపు ముక్క) ఉంటే 1882 సెప్టెంబరు 13 నాటి యుద్ధంలో, ‘అలెగ్జాండ్రియా జులై 11’ పట్టీ ఉంటే రేవు మీద ఓడలు గుళ్లు కురిపించిన రోజున ఉన్నాడన్నమాట.

పట్టీ మెడల్ కొక్కేనికి రివెట్లతో బిగించి ఉండాలి. రిబ్బను మీద ఊరికే జారుతుంటే తర్వాత ఎవరో తగిలించినదే కావచ్చు. వెర్నియర్ కాలిపర్‌తో మూడు నాలుగు వైపుల నుంచి వ్యాసం కొలవండి. పేరున్నచోట తగ్గితే, పాత పేరు అరగదీసి కొత్తది చెక్కినట్టు.

ఇక మనిషి సంగతి. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లో ఏడీఎం 171 అనే నంబరు గల దస్త్రాల వరుసలో పతకాల జాబితాలు, ఏడీఎం 159లో మెరైన్ల సర్వీసు రిజిస్టర్లు ఉన్నాయి. ముందు జాబితాలో పేరు, పట్టీలు సరిచూసుకోండి. ఒకే పేరు గలవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి సర్వీసు నంబరు, డివిజన్ (చాథమ్, పోర్ట్స్‌మత్, ప్లిమత్) దొరికేదాకా ‘ఇతనే’ అని తేల్చకండి.

భద్రపరచడానికి పీవీసీ కవరు, రబ్బరు బ్యాండు వద్దు. చెన్నై తేమకు తోడు అవీ లోహాన్ని పాడుచేస్తాయి. ఆమ్లం లేని కాగితంలో విడివిడిగా చుట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో ఉంచండి. ఫ్రేము కట్టించినా జిగురు అంటించవద్దు, అంచు కనబడేలా పెట్టించండి.

మరో మాట. నూరేళ్లు దాటిన ఇలాంటి చారిత్రక వస్తువులు 1972 పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు, ఆ చట్టం ప్రకారం వ్యక్తులు వాటిని ఎగుమతి చేయకూడదు. ఎవరు అడిగినా కొరియర్‌లో విదేశాలకు పంపకండి.