0.1 చొప్పున లూప్ తిప్పేముందు

అమ్మలూ,

నువ్వు పంపిన కోడ్ చూశా. మిఠాయి కొట్టు బిల్లింగ్‌కి 100 గ్రాముల నుంచి కేజీ లోపు రేట్ల పట్టిక, చివర్లో కేజీ వరస రెండుసార్లు పడుతోందని గోల పెట్టావు కదా, నువ్వు రాసిన రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో బగ్ (తప్పు) ఏం లేదు, షరతు నిజమైనంత సేపు అదే పని మళ్లీ మళ్లీ చేసే నీ వైల్ లూప్‌లోనే ఉంది తల్లీ.

0.1తో మొదలెట్టి ప్రతి చుట్టుకీ 0.1 కలుపుతూ పోయావు, 1.0 కన్నా తక్కువున్నంత సేపు తిరగమన్నావు, అంటే 9 వరసలు రావాలి. కానీ కలిపీ కలిపీ చివరికి వచ్చింది 0.9999999999999999, అది 1 కన్నా తక్కువే కాబట్టి పదో చుట్టు కూడా తిరిగింది, నువ్వేమో రెండు దశాంశాలకి రౌండ్ చేసి చూపిస్తున్నావు, అది 1.0 అయి కూర్చుంది. కింద అసలు కేజీ వరస ఎలాగూ ఉంది. విలువని ప్రింట్ చేసే పుట్స్ పెట్టి రౌండ్ తీసేసి చూడు, మూడో చుట్టులోనే 0.30000000000000004 కనిపిస్తుంది.

మనం 1ని 3తో భాగిస్తే 0.333 అని ఎంత రాసినా తెగనట్టు, కంప్యూటర్ వాడే బైనరీలో (0, 1 అంకెలతోనే రాసే పద్ధతిలో) 0.1 కూడా తెగదు, దశాంశ సంఖ్యల్ని దాచే ఫ్లోట్‌కి ఉన్నది 53 బిట్ల (బైనరీ అంకెల) ఖచ్చితత్వం, అక్కడ కోసేస్తుంది. 0.5, 0.25 మాత్రం సరిగ్గా ఇముడుతాయి, అందుకే పావు కేజీ పట్టికలో నీకు ఈ తలనొప్పి రాలేదు.

వైల్ బదులు, ఇంత చొప్పున అని చెప్పి తిప్పే స్టెప్ మెథడ్ వాడితే చాలావరకు తప్పుతుంది. అది కలుపుకుంటూ పోదు, ఎన్ని చుట్లో ముందే లెక్కేసుకుని, ఎన్నో చుట్టో ఆ సంఖ్యతో 0.1ని గుణించి మొదటి విలువకి కలుపుతుంది, కాబట్టి చుట్లు ఎక్కువా తక్కువా కావు. కానీ 0.3 దగ్గర ఆ 04 తోక అప్పుడూ ఉంటుంది సుమా! పోనీ ఫ్లోట్ రేంజ్ (ఇక్కణ్నుంచి అక్కడిదాకా అనే హద్దు) మీద, ఒక్కో విలువా తీసే ఈచ్ పెడదాం అనుకుంటావేమో, ఫ్లోట్ మీద ఇటరేట్ చేయలేనని (ఒక్కొక్కటిగా తిప్పలేనని) టైప్ ఎర్రర్ మొహాన కొడుతుంది, రేంజ్ అయినా దాని మీద స్టెప్పే పెట్టాలి.

నన్నడిగితే నీ పనికి ఇవేవీ వద్దు, గ్రాముల్లో తిప్పు. 100 నుంచి 900 దాకా 100 చొప్పున, అన్నీ పూర్ణ సంఖ్యలే, స్క్రీన్ మీద చూపించేటప్పుడు మాత్రం 1000.0తో భాగించు, 300 గ్రాములు శుభ్రంగా 0.3 అని వస్తుంది. ఆ చివర .0 మర్చిపోయావా, పూర్ణ సంఖ్యల భాగహారం అయిపోయి అన్ని వరసల్లో సున్నాలే. రేటు కూడా పైసల్లో పెట్టుకో: కేజీ 485 రూపాయలంటే 48500, దాన్ని 300తో గుణించి ఆ తర్వాత 1000తో భాగిస్తే 14550 పైసలు, అంటే 145 రూపాయల 50 పైసలు. రూపాయల్లోనే చేస్తే ఆ అర్ధ రూపాయి ఎగిరిపోతుంది, కొట్టాయన ఊరుకోడు.

ఎక్కడైనా భిన్నమే తప్పనిసరైతే 0.1 పక్కన ఆర్ అక్షరం తగిలించు, రూబీ 2.1 నుంచి ఉంది, అది రేషనల్ (భిన్నంగానే దాచుకునే సంఖ్య) అవుతుంది, అంటే పదో వంతు అచ్చంగా పదో వంతే. కాస్త నెమ్మది, నీ 9 వరసలకి ఆ తేడా ఏం తెలీదులే.

మార్చాక 0.3 వరస, ఆఖరి వరస రెండూ రౌండ్ లేకుండా ప్రింట్ చేసి చూసుకో, ఆ తర్వాతే మీ లీడ్‌కి పంపు.

బాబాయ్