రెట్ట మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగు

ఒరేయ్ అల్లుడూ,

బానెట్ మీద పసుపుతో వేసిన స్వస్తిక్‌ను కడుగుతుంటే ఎర్రగా మారిందని, పెయింట్ పోయిందేమోనని రాత్రి పదకొండింటికి ఫోటో పెట్టావు చూడు, అది చూడగానే నాకు రెండు సంగతులు అర్థమయ్యాయి. ఒకటి, పెయింట్‌కి ఏమీ కాలేదు. రెండు, నువ్వు వాడింది బట్టల సర్ఫు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, సర్ఫులోని క్షారం తగిలినా అదే జరుగుతుంది. బాగా నీళ్లు పోసి కడిగేయ్, ఎరుపు పోతుంది. ఆ తర్వాత కూడా లేత పసుపు మరక కనిపిస్తే దాని జోలికి పోకుండా నాలుగు రోజులు ఎండ తగలనివ్వు, పసుపు మరకకి ఎండే మందు. మీ అమ్మమ్మ పసుపంటిన చీరల్ని ఎండలో ఆరేసేది అందుకే. ఎవడో వీడియోలో చెప్పాడని నిమ్మచెక్క, వంటసోడా, టూత్‌పేస్ట్ పట్టుకుని రుద్దకు.

ఎందుకు వద్దంటున్నానో కాస్త విను. కారు రంగు పైన గాజులా ఇంకో పొర ఉంటుంది, క్లియర్ కోట్ అంటారు. దాని మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు, మన తల వెంట్రుకంత కూడా ఉండదు. షోరూంలో నువ్వు చూసి మురిసిపోయిన ఆ మెరుపంతా దానిదే, నువ్వు దేంతో రుద్దినా గీతలు పడేదీ దాని మీదే. నీది తెల్ల కారు కాబట్టి గీతలు వెంటనే కనపడవు, కనపడవు కదా అని పడట్లేదనుకోకు.

నా మొదటి కారు నల్ల జెన్. ఒక పెళ్లికి వెళ్లి బయటికొచ్చేసరికి బానెట్ నడిమధ్యన కాకి రెట్ట వేసి ఉంది, ఎండకి పెచ్చు కట్టింది. పక్కన నలుగురు చూస్తున్నారని జేబురుమాలు తీసి గట్టిగా ఒక్క తుడుపు తుడిచాను. రెట్టలో ఇసుక ఉంటుందని, గింజల ముక్కలు ఉంటాయని నాకేం తెలుసు. అరచేయంత మేర నెలవంకల్లాగా గీతలు పడ్డాయి, కారు అమ్మేదాకా అవి అలాగే ఉన్నాయి, కొన్నవాడు కూడా వాటిని చూపించే రేటు తగ్గించాడు.

పిట్ట రెట్టలో యూరిక్ యాసిడ్ ఉంటుంది. దానికి తోడు ఎండలో బానెట్ కాలిపోతుంటే క్లియర్ కోట్ కొంచెం మెత్తబడి సాగుతుంది, సాయంత్రం చల్లారేటప్పుడు ఆ పెచ్చు చుట్టూ మళ్లీ బిగుసుకుంటుంది, ఇక రెట్ట తీసేసినా దాని అచ్చు మిగిలిపోతుంది. అందుకే ఎండాకాలంలో రెట్ట కనపడితే ఆదివారం చూద్దాంలే అనుకోకు, ఆ రోజే తియ్యి. ముందు కారు నీడలో పెట్టి బానెట్ చల్లబడనివ్వు. మైక్రోఫైబర్ గుడ్డని నీళ్లు కారేంత తడిపి రెట్ట మీద పరిచెయ్. పది నిమిషాలు ఆగు, ఈలోగా ఫోన్ చూసుకో, గుడ్డ ఆరిపోతుంటే ఇంకాసిని నీళ్లు చల్లు. పెచ్చు నానాక చంటిపిల్లాడి ముక్కు తుడుస్తాం చూడు, అలా గుడ్డతో పట్టి పైకి ఎత్తెయ్, పక్కకి ఈడ్వకు. తర్వాత గుడ్డ మడత మార్చి, శుభ్రంగా ఉన్న వైపుతో మెల్లగా అద్దు. ఇంకా అంటుకునే ఉంటే మళ్లీ నానబెట్టు, గోరు పెట్టి గీకకు. రాత్రి హైవే మీద వచ్చినప్పుడు బంపర్‌కి అతుక్కునే పురుగులకీ ఇదే వైద్యం.

దుమ్ము సంగతికొస్తే, పొడిగుడ్డతో తుడవడం మానెయ్. షోరూంవాళ్లు ఇచ్చిన ఆ పసుపు రంగు గుడ్డ డ్యాష్‌బోర్డుకి ఉంచుకో. మీ అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే కార్లు తుడిచే అబ్బాయి ఒకే బకెట్, ఒకే గుడ్డతో పదిహేను కార్లు చుట్టేస్తాడు, పద్నాలుగు కార్ల మట్టీ నీ కారుకి పూస్తున్నాడన్నమాట. అతన్ని తిట్టి లాభం లేదు, అతనికి నెలకిచ్చే డబ్బుకి అంతకంటే ఏం చేస్తాడు. నీ కారుకి విడిగా రెండు గుడ్డలిచ్చి, ముందు నీళ్లు పోశాకే తుడవమను. రోజూ అక్కర్లేదు, వారానికి రెండుసార్లు చాలు. గుడ్డ నేల మీద పడిందంటే మాత్రం అది ఇక చక్రాలకే, ఒక్క ఇసుక రేణువు చాలు. ఆ గుడ్డలు ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటివి పోయకండి, గుడ్డకి జిడ్డు పట్టి నీళ్లు పీల్చదు.

విజయవాడ వెళ్లొచ్చాక తలుపుల కింద నల్లటి చుక్కలు పడ్డాయన్నావు, అది తారు. నీళ్లకి రాదు. పాత డ్రైవర్లు దూదికి కిరోసిన్ అద్ది తీసేవాళ్లు, పని చేస్తుంది కానీ ఆ జిడ్డు ఉండిపోకుండా వెంటనే కార్ షాంపూతో కడగాలి. ఇప్పుడు తారు తీసే స్ప్రేలు దొరుకుతున్నాయి, అదే కొనుక్కో.

ఇంకో మాట, మీ బోరు నీళ్లు. కారు ఎండలో కడిగి అలాగే వదిలేస్తే చుక్క ఆరిన చోటల్లా తెల్లటి రింగు మిగులుతుంది, బకెట్ అడుగున పట్టే ఉప్పే అది. కడిగిన వెంటనే తుడిచెయ్. ఇప్పటికే పట్టినవాటికి వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి గుడ్డకి అద్ది ఒక్క నిమిషం పెట్టి, బాగా కడిగెయ్. చిన్న చిన్న మరకలకైతే ఏసీ పైపు కింద బకెట్ పెట్టుకో, ఆ నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు. అర లీటరు స్ప్రే బాటిల్‌లో అవే పోసి, నాలుగు చుక్కలు కార్ షాంపూ వేసి డిక్కీలో పడెయ్, పక్కనే రెండు గుడ్డలు.

ఆ బోరు మరకలు ఎంత పట్టాయో ఆదివారం వచ్చి చూస్తాను. కారు పొద్దున్నే నీడలో పెట్టి ఉంచు. ఆ సర్ఫు ప్యాకెట్ మాత్రం ఈలోగా మీ అమ్మకి తిరిగి ఇచ్చెయ్, వెతుక్కుంటోందట.

మీ మావయ్య